జామీను సంతకం

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా ఇంటికి కోర్టు అమీనా వచ్చాడు. టెక్కలిలో అద్దె ఇల్లు. జప్తు చెయ్యడానికి ఇంట్లో పెద్దగా ఏమీ లేదు. ఒక ఇనప బీరువా, రేడియో, నాన్న సైకిలు, అంతే. అప్పు నాన్నది కాదు. ఆయనతో పనిచేసే ఇంకో మాస్టారు కూతురి పెళ్లికి ప్రోనోటు రాసి అప్పు తెస్తే, దాని మీద నాన్న జామీను సంతకం పెట్టాడు. ఆ మాస్టారు ఉద్యోగం మానేసి ఊరొదిలి వెళ్లిపోయారు. అసలూ వడ్డీ కలిపి మూడేళ్లపాటు నాన్న జీతంలోంచి కట్టాడు. అమీనా మాత్రం మంచివాడు. మంచినీళ్లు తాగి, సైకిలు జోలికి పోకుండా వెళ్లాడు.

తర్వాత నేను బ్యాంకులో చేరి ముప్పై ఏళ్లు అదే బల్లకి అవతలివైపు కూర్చున్నాను. ఎంతమంది చేత జామీను సంతకాలు పెట్టించానో లెక్కే లేదు. అందుకే కాబోలు, తూర్పు యూరప్‌లోని మాల్డోవా అనే చిన్న దేశం గుండా రష్యా నల్లడబ్బుని తెల్లగా ఉతికి పంపిన 'లాండ్రోమాట్' (అంటే చాకిరేవు) కుంభకోణం గురించి మొదటిసారి చదివినప్పుడు అదెక్కడో విదేశీ కథ అనిపించలేదు. పత్రికలు ఆఫ్‌షోర్, షెల్ కంపెనీ, లేయరింగ్ అంటూ ఏవేవో రాశాయి. తీరా చూస్తే అది దొంగ ప్రోనోటు. మన మున్సిఫు కోర్టుల్లో ఇలాంటి కేసులు చూడని వకీలు ఉండడు.

ఎలా జరిగిందో చెప్తాను. బ్రిటన్‌లో రెండు కంపెనీలు రిజిస్టర్ చేస్తారు. రెండూ ఉత్త కాగితాలే, ఆఫీసు లేదు, గుమాస్తా లేడు. మొదటి కంపెనీ రెండోదానికి కోట్ల డాలర్లు అప్పిచ్చినట్టు పత్రం రాస్తారు. నిజానికి పైసా కూడా చేతులు మారదు. ఈ అప్పుకి ఇద్దరు జామీను ఉంటారు. ఒకటి రష్యాలోని ఒక కంపెనీ. రెండో జామీను మాల్డోవా పౌరుడు, చాలాసార్లు ఎవరో బీదవాడు, తన పేరు ఎక్కడ వాడారో కూడా తెలియనివాడు. గడువు రాగానే అప్పు తీసుకున్న కంపెనీ 'నా దగ్గర లేదు' అంటుంది. అప్పిచ్చిన కంపెనీ మాల్డోవా కోర్టుకెక్కుతుంది. జామీనుల్లో ఒకడు ఆ దేశస్థుడు కాబట్టి కేసు అక్కడ చెల్లుతుంది. ఆ బీదవాడిని ఇరికించింది ఇందుకే. జడ్జి డిక్రీ ఇస్తాడు. రష్యన్ కంపెనీ బుద్ధిగా 'బాకీ' చెల్లిస్తుంది. డబ్బు రష్యా నుంచి మాల్డోవాలోని మోల్డిండ్‌కాన్‌బ్యాంక్‌కి, అక్కడినుంచి లాత్వియాలోని ట్రాస్టా కొమెర్ట్స్‌బాంకాకి వెళ్తుంది. రష్యా పొరుగునున్న లాత్వియా యూరోపియన్ యూనియన్ సభ్య దేశం. ఇక అక్కడినుంచి ప్రపంచంలో ఏ బ్యాంకుకైనా దారే.

2010 నుంచి 2014 దాకా ఈ పద్ధతిలో బయటికి పోయింది కనీసం 2,080 కోట్ల డాలర్లని ఓసీసీఆర్‌పీ అనే పాత్రికేయుల సంస్థ లెక్క తేల్చింది. అందులో నాకు ఆశ్చర్యం కలిగించింది మొత్తం కాదు. మామూలుగా ఒక బ్రాంచికి అంత పెద్ద సొమ్ము వస్తే మేనేజరు 'ఇది ఎక్కడిది?' అని అడగాలి. ఇక్కడ దానికి జవాబు ముందే సిద్ధంగా ఉంది, గుండ్రటి ముద్రతో సహా: కోర్టు ఉత్తర్వు. ఆ ప్రశ్న అడగడానికి బ్యాంకు మేనేజరెవరు?

నల్లడబ్బు గురించి మనం ఎప్పుడు మాట్లాడుకున్నా దీవులు, కొబ్బరిచెట్లు, స్విస్ లాకర్లు మన కళ్లముందు మెదులుతాయి. మాల్డోవాకి అసలు సముద్రమే లేదు. అక్కడ డబ్బుని కడిగింది జడ్జి సంతకం. ఇరవైమందికి పైగా జడ్జీలు ఇలాంటి ఉత్తర్వులు ఇచ్చారు. 2016లో వాళ్లలో పదిమందికి పైగా అరెస్టయ్యారు. ఈ ఆఫ్‌షోర్ వ్యవహారాలు ఎన్ని చదివినా నాకు చివరికి కనిపించేది ఇదే. కంపెనీ పెట్టడానికి వెయ్యి రూపాయల ఏజెంటు చాలు. ఆ కంపెనీ డబ్బుని ఎవరూ ప్రశ్నించకుండా ఉండాలంటే మాత్రం పరువున్న ఒక పెద్దమనిషి పేరు కావాలి. జడ్జి అయినా సరే, మంత్రి అయినా సరే, సెంట్రల్ బ్యాంకు గవర్నరైతే మరీ మంచిది. ఒక్కోసారి ఇంటిపేరు ఒక్కటే సరిపోతుంది.

ఇంటిపేరు అని ఊరికే అనలేదు. మాల్డోవాకి డబ్బు పంపిన రష్యన్ బ్యాంకుల్లో 'రష్యన్ ల్యాండ్ బ్యాంక్' ముఖ్యమైనది. దాని బోర్డులో కొంతకాలం ఇగర్ పుతిన్ ఉన్నాడు. దేశాధ్యక్షుడికి వరసకి సోదరుడు. ఆయన మీద ఈ విషయంలో కేసేమీ లేదు. ఉండాల్సిన అవసరమూ రాలేదు. మాస్కోలో ఒక బ్యాంకు ఇన్‌స్పెక్టరు ఫైలు తెరిచి, బోర్డు సభ్యుల జాబితాలో ఆ ఇంటిపేరు చూసి ఏం చేస్తాడో ఊహించుకోండి. మన దగ్గర ఎమ్మెల్యే బావమరిది కాంట్రాక్టు బిల్లు వచ్చినప్పుడు ఇంజనీరు ఏం చేస్తాడో అదే.

అక్కడ ఎదురు తిరిగినవాళ్లు లేకపోలేదు. రష్యా సెంట్రల్ బ్యాంకు డిప్యూటీ చైర్మన్ ఆంద్రేయ్ కొజ్లోవ్ ఇలాంటి దొంగ బ్యాంకుల లైసెన్సులు వరసగా రద్దు చేశాడు. డబ్బు లాత్వియా పక్క దేశం ఎస్తోనియా మీదుగా పోతోందని అక్కడి అధికారులతోనూ మాట్లాడాడు. 2006 సెప్టెంబరులో మాస్కోలో ఫుట్‌బాల్ ఆడి స్టేడియం నుంచి బయటికి వస్తుంటే కాల్చి చంపారు. లైసెన్సు పోయిన ఒక బ్యాంకరుకి ఆ హత్య కేసులో శిక్ష పడింది. ఏడాది తిరక్కుండా, 2007లో, అదే సెంట్రల్ బ్యాంకు డెన్మార్క్ నియంత్రణ సంస్థకి ఉత్తరం రాసింది: మీ డాన్స్కే బ్యాంకు కొత్తగా కొన్న ఎస్తోనియా బ్రాంచిలో అనుమానాస్పద లావాదేవీలు నెలనెలా జరుగుతున్నాయి, చూసుకోండి అని. రష్యన్ డబ్బు గురించి హెచ్చరించింది రష్యా. వినిపించుకోనిది డెన్మార్క్, ప్రపంచంలో అవినీతి అతి తక్కువ అని ఏటా కితాబులందుకునే దేశం. అందుకే 'రష్యన్ డబ్బు' అనే మాట నాకు అంతగా నచ్చదు. అది రష్యన్ల దగ్గర కొట్టేసిన డబ్బు. అక్కడి రిటైర్డ్ టీచర్ల, నర్సుల డబ్బు.

డాన్స్కే కథలో బ్యాంకు ఉద్యోగిగా నన్ను ఎక్కువ కుదిపిన సంగతి ఇంకొకటి ఉంది. ఎస్తోనియా రాజధాని టాలిన్‌లో ఉన్న ఆ బ్రాంచిని కోపెన్‌హేగన్ హెడ్డాఫీసు కంప్యూటర్ వ్యవస్థతో కలపనేలేదు. చాలా కాగితాలు ఎస్తోనియన్‌లోనూ రష్యన్‌లోనూ ఉండేవి, హెడ్డాఫీసులో చదివేవాళ్లు లేరు. మారుమూల బ్రాంచినైనా కోర్ బ్యాంకింగ్‌లోకి తేవడానికి మేం ఆదివారాలు కూడా పనిచేసిన రోజులవి! 2013లో హోవర్డ్ విల్కిన్సన్ అనే బ్రిటిష్ ఉద్యోగి ఒక ఖాతాదారు కంపెనీ గురించి బ్రిటన్ రిజిస్ట్రార్ దగ్గర ఆరా తీశాడు. మా లావాదేవీలు సున్నా అని ఆ కంపెనీ అక్కడ లెక్కలు దాఖలు చేసింది. టాలిన్‌లో దాని ఖాతా మాత్రం లక్షల డాలర్లతో కళకళలాడుతోంది. అతను పైవాళ్లకి రాసిన ఈమెయిల్‌లో దాచకుండా చెప్పాడు, మనం తెలిసే నేరస్తులతో వ్యాపారం చేస్తున్నామని. 2007 నుంచి 2015 వరకు ఆ చిన్న బ్రాంచి గుండా పోయిన మొత్తం దాదాపు 20 వేల కోట్ల యూరోలు. 2018లో సీఈవో రాజీనామా చేశాడు. 2022 డిసెంబరులో బ్యాంకు అమెరికాలో నేరం ఒప్పుకుని 200 కోట్ల డాలర్లు కట్టడానికి సిద్ధపడింది.

లాత్వియా సంగతికి వస్తాను. 1990లలో అక్కడ ఒక పెద్ద బ్యాంకు రష్యన్లకి ఇచ్చిన ప్రకటన సారాంశం: స్విట్జర్లాండ్ కన్నా మేం మీకు దగ్గర. దాపరికం ఏమీ లేదు, దేశానికి అదొక పరిశ్రమ. 2018 ఫిబ్రవరిలో అమెరికా ఆర్థికశాఖ ఏబీఎల్‌వీ అనే లాత్వియా బ్యాంకుని మనీలాండరింగ్ కేంద్రమని బాహాటంగా ఆరోపించింది. అదే వారంలో ఆ దేశ సెంట్రల్ బ్యాంకు గవర్నరు ఇల్మార్స్ రిమ్షేవిచ్స్‌ని అవినీతి నిరోధక పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. 2001 నుంచి ఆ కుర్చీలో ఉన్న మనిషి, యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు పాలకమండలి సభ్యుడు. ఆరోపణ ఏమిటంటే, నియంత్రణ సంస్థతో గొడవలు సర్దడానికి ఒక బ్యాంకు వాటాదారుల నుంచి డబ్బు పుచ్చుకున్నాడని, వాళ్ల ఖర్చుతో రష్యాలోని కమ్చట్కాకి విహారయాత్రకి వెళ్లాడని. ఆ బ్యాంకు ఏదనుకున్నారు? ట్రాస్టా. మాల్డోవా డిక్రీల డబ్బు వచ్చి పడిన ఆ బ్యాంకే. 2023 డిసెంబరులో రీగా కోర్టు ఆయనకి ఆరేళ్ల జైలు వేసింది. తాను నిర్దోషినని ఆయన మొదటినుంచీ అంటున్నాడు.

ఇంతవరకు లంచం, శిక్ష లాంటి తెలిసిన మాటలే. సైప్రస్ దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం సున్నితమవుతుంది, నా వాదనకి అసలు పరీక్ష అక్కడే.

సోవియట్ యూనియన్ కూలినప్పటినుంచీ రష్యన్ కంపెనీలకి మధ్యధరా సముద్రంలోని సైప్రస్ దీవి పెరటి గుమ్మంలా ఉండేది. డబ్బు అక్కడికి పోయి, సైప్రస్ కంపెనీ వేషం వేసుకుని, విదేశీ పెట్టుబడిగా మళ్లీ రష్యాకే వచ్చేది. మారిషస్ నుంచి మన దేశానికి పెట్టుబడులు ఎందుకంత పోటెత్తాయో తెలిసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 2013లో మన ప్రభుత్వం కూడా పన్నుల సమాచారం ఇవ్వడం లేదన్న కారణంతో సైప్రస్‌ని ప్రత్యేక జాబితాలో పెట్టింది, మూడేళ్ల తర్వాత కొత్త ఒప్పందం కుదిరాక తీసేసింది.

అదే 2013 మార్చిలో సైప్రస్ బ్యాంకులు దివాలా అంచుకి చేరాయి. బ్యాంక్ ఆఫ్ సైప్రస్‌లో లక్ష యూరోలు దాటిన డిపాజిట్లలో 47.5 శాతాన్ని షేర్లుగా మార్చేశారు. పెద్ద డిపాజిట్లున్న రష్యన్లు రాత్రికి రాత్రి బ్యాంకు వాటాదారులయ్యారు. మరుసటి ఏడాది ఆ బ్యాంకుని నిలబెట్టడానికి వచ్చినవాడు విల్బర్ రాస్, దివాలా కంపెనీలు కొని లాభాలు తీయడంలో పేరుమోసిన అమెరికన్ ధనికుడు. ఆయన వెంట వచ్చిన మదుపుదారులు 40 కోట్ల యూరోలు పెట్టారు. ఆయన వైస్ చైర్మన్ అయ్యాడు. కొంతకాలం ఆయన పక్కన ఇంకో వైస్ చైర్మన్ ఉండేవాడు, వ్లదీమిర్ స్త్ర్జల్కోవ్‌స్కీ, సోవియట్ గూఢచార సంస్థ కేజీబీలో పాత అధికారి. చైర్మన్ స్థానంలోకి యోసెఫ్ ఆకర్‌మన్ వచ్చాడు, అంతకుముందు డాయిష్ బ్యాంకు అధిపతి. ఆ డాయిష్ బ్యాంకు మాస్కో శాఖలోనే 2011 నుంచి 2015 దాకా రూబుళ్లతో షేర్లు కొని, అవే షేర్లు లండన్‌లో డాలర్లకి అమ్మే తంతు నడిచి దాదాపు 1,000 కోట్ల డాలర్లు రష్యా దాటాయి. ఆకర్‌మన్ 2012లోనే అక్కడినుంచి వచ్చేశాడు, ఆ వ్యవహారాన్ని ఆయనకి అంటగట్టడం నా ఉద్దేశం కాదు. బల్ల చుట్టూ ఎవరెవరు కూర్చున్నారో చూడమంటున్నాను.

2017 ఫిబ్రవరిలో రాస్ అమెరికా వాణిజ్య మంత్రి అయ్యాడు. ఖరారు చేసే ముందు కొందరు సెనేటర్లు ఈ బ్యాంకు గురించి రాతపూర్వకంగా ప్రశ్నలు వేశారు. 72-27 ఓట్లతో సెనేట్ ఆమోదించింది. ఆయన బ్యాంకు పదవి వదులుకున్నాడు. ఆ నవంబరులో ప్యారడైజ్ పేపర్స్ అనే ఆఫ్‌షోర్ కంపెనీల రహస్య పత్రాలు బయటపడ్డాయి. నావిగేటర్ అనే నౌకా కంపెనీలో కేమన్ దీవుల మీదుగా రాస్ వాటా ఇంకా ఉందని, ఆ కంపెనీకి రష్యన్ గ్యాస్, పెట్రోకెమికల్ సంస్థ సిబుర్ ముఖ్యమైన ఖాతాదారని తేలింది. సిబుర్ యజమానుల్లో ఒకడు గెన్నాదీ తిమ్చెంకో, 2014లో అమెరికాయే ఆంక్షలు పెట్టిన మనిషి. ఇంకొకడు కిరిల్ షమాలోవ్, పుతిన్ అల్లుడని పత్రికలన్నీ రాసినవాడు. సిబుర్ మీద ఆంక్షలు లేవు, ఇందులో తప్పేముంది అన్నాడు రాస్. చట్టం ప్రకారం ఆయన అన్నది నిజమే.

సరిగ్గా ఇక్కడే నా స్నేహితులు, ముఖ్యంగా చార్టర్డ్ అకౌంటెంట్లు, నాతో తగువు పెట్టుకుంటారు. "నేరం ఏదీ లేనప్పుడు నీ బాధేంటోయ్? బ్యాంకు బోర్డులో కూర్చోవడం తప్పా? షేరు ఉండటం తప్పా?" తప్పు కాదు. రాస్ ఒక్క డాలరైనా కడిగాడని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, అలా అనడం లేదు కూడా. నేనంటున్నది వేరు. దొంగ డబ్బుకి దొంగ మనిషి వల్ల పెద్ద ఉపయోగం లేదు. వాడి సంతకం చూస్తే ఏ గుమాస్తా అయినా ఉలిక్కిపడతాడు. నిజాయితీపరుడైన జామీనుదారు సంతకమే చెల్లుతుంది. షావుకారు మా నాన్న సంతకం అడిగింది ఆయన దగ్గర డబ్బుందని కాదు, అబద్ధమాడడని. బోర్డులో పేరు చూసి నమ్మిన గుమాస్తాలు, ఆడిటర్లు, చిన్న దేశాల అధికారులు ఎంతమందో. తేడా అంతా ఆ తర్వాత తెలుస్తుంది. అప్పు ఎగ్గొట్టినప్పుడు అమీనా మా ఇంటికి వచ్చాడు. ఇలాంటి బోర్డు సభ్యుల ఇళ్లకి మాత్రం ఎవరూ రారు.

సైప్రస్‌లో ఇదే సరుకు ఇంకా పచ్చిగా అమ్ముడైంది. 20 లక్షల యూరోలు దాటి పెట్టుబడి పెడితే పాస్‌పోర్టు. 2020 అక్టోబరులో అల్ జజీరా రహస్య కెమెరా ముందు ఆ దేశ పార్లమెంటు స్పీకరు దెమెత్రిస్ సిలూరిస్, నేరచరిత్ర ఉన్న ఒక కల్పిత చైనా వ్యాపారికి సాయం చేస్తామని మాటిస్తూ కనబడ్డాడు. తప్పేమీ చెయ్యలేదంటూనే పదవి వదులుకున్నాడు. పథకం నవంబరు 1 నుంచి మూతపడింది. తర్వాత విచారణ సంఘం తేల్చింది ఏమిటంటే, ఇచ్చిన 6,779 పాస్‌పోర్టుల్లో సగానికి పైగా చట్టవిరుద్ధం. ఈసారి జామీను నిలబడింది ఏకంగా ఒక దేశం.

పనామా పేపర్స్‌లో (2016లో బయటికొచ్చిన ఇలాంటి రహస్య పత్రాలే) కనిపించిన సెలిస్టు, అంటే సెల్లో వాద్యకారుడు, సెర్గేయ్ రొల్దూగిన్ గుర్తున్నాడా? పుతిన్ పాత స్నేహితుడు, ఆయన పెద్ద కూతురికి జ్ఞానపిత (గాడ్‌ఫాదర్). ఆయన పేరున్న కంపెనీలు కూడా ఉన్న ఒక వలయం గుండా 200 కోట్ల డాలర్లు కదిలాయని 2016లో బయటపడితే, డబ్బంతా సంగీత వాయిద్యాలు కొనడానికే పెట్టాడని పుతిన్ సమర్థించాడు. ఆయన ఖాతాలు తెరిచిన స్విస్ బ్యాంకు అధికారులు నలుగురికి 2023లో జ్యూరిచ్ కోర్టు జరిమానా వేసింది. నేరం: ఒక సెలిస్టుకి ఇంత డబ్బు ఎక్కడిదని అడగకపోవడం. నేను చదివిన తీర్పుల్లో ఒక బ్రాంచి మేనేజరుకి సూటిగా అర్థమయ్యే తీర్పు ఇదొక్కటే.

మా జిల్లాకీ ఈ కథ తగలకపోలేదు. భావనపాడు నుంచి భీమిలి దాకా ఉన్న ఇసుకలో టైటానియం ఖనిజం ఉంది. రష్యా మీదుగా వచ్చే గ్యాస్‌ని ఉక్రెయిన్‌కి అమ్మే రోస్‌ఉక్ర్‌ఎనెర్గో అనే స్విస్ కంపెనీ ఉండేది, సగం రష్యా ప్రభుత్వ గ్యాస్ సంస్థ గాజ్‌ప్రోమ్‌ది, మిగతా సగంలో ఎక్కువ భాగం ఉక్రెయిన్ ధనికుడు ద్మిత్రో ఫిర్తాష్‌ది. మన రాష్ట్రంలో టైటానియం తవ్వకాల అనుమతుల కోసం 1.85 కోట్ల డాలర్ల లంచాలకి కుట్ర జరిగిందంటూ షికాగోలోని ఫెడరల్ కోర్టులో అతని మీదా, మరికొందరి మీదా నేరారోపణ నమోదైంది, 2014 ఏప్రిల్లో బయటపెట్టారు. అప్పటి మన రాజ్యసభ సభ్యుడొకరి పేరు కూడా అందులో ఉంది, ఆయన ఆరోపణలని ఖండించారు. 2006 నుంచి 2010 దాకా 57 విడతల్లో కోటి డాలర్లకి పైగా చేతులు మారినట్టు అమెరికా న్యాయశాఖ రాసింది. ఫిర్తాష్ వియన్నాలో అరెస్టయి, 12.5 కోట్ల యూరోల పూచీకత్తు మీద బయటికొచ్చి, ఇదంతా రాజకీయ కుట్ర అన్నాడు. ప్రాజెక్టు ముందుకు సాగలేదు, ఆరోపణలు విచారణలో రుజువూ కాలేదు, వీగిపోనూ లేదు. ఆ రోజుల్లో భావనపాడు వైపు మత్స్యకారులకి పడవల లోన్లు ఇవ్వడానికి వెళ్లేవాణ్ణి. పదివేల రూపాయల అప్పుకి ఇద్దరు జామీనులు కావాలని రూలు.

ఇదంతా బయటపడ్డాక తలుపులు బిగిశాయా అంటే, కొన్నాళ్లు బిగిశాయి. కంపెనీ అసలు యజమాని ఎవరో చెప్పే రిజిస్టర్లు యూరప్‌లో జనానికి తెరిచారు. 2022 నవంబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం అది వ్యక్తిగత గోప్యతకి విరుద్ధమని కొట్టేసింది. అమెరికాలో అలాంటి చట్టమే 2024లో అమల్లోకి వచ్చింది, 2025 మార్చిలో అక్కడి ఆర్థికశాఖ దేశీయ కంపెనీలన్నిటినీ దాన్నుంచి మినహాయించింది. రష్యన్ ధనికుల ఆస్తులు వెతకడానికి పెట్టిన ప్రత్యేక దళాన్ని అంతకు నెలరోజుల ముందే రద్దు చేశారు.

మన దగ్గర? బ్యాంకు ఖాతా ఫారంలో 'పీఈపీ' అని ఒక గడి ఉంటుంది, రాజకీయ పదవుల్లో ఉన్నవాళ్ల ఖాతాల మీద అదనపు నిఘా పెట్టడానికి. నా సర్వీసు చివర్లో ఒక సాయంత్రం బ్రాంచికి ఒక ప్రజాప్రతినిధి వచ్చాడు, వెనక పదిమంది. అంతకు ముందు గంటే, ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరం తేడా ఉందని ఒక ముసలామె పింఛను ఖాతాకి కేవైసీ కుదరదని చెప్పి పంపేశాం. ఆయన ఫారం నింపుతున్న మా కుర్రాడు ఆ గడి దగ్గర ఆగి నా వైపు చూశాడు. "సార్, ఇక్కడ ఏం పెట్టమంటారు?" ఆయన నవ్వి, "నేను అలాంటోణ్ణి కాదులే తమ్ముడూ, కాదని పెట్టెయ్" అన్నాడు. నేను రూలు తీసి చూశాను. మన నిబంధనల్లో పీఈపీ అంటే విదేశంలో పదవి ఉన్నవాడే. కుర్రాడికి 'కాదు' అని టిక్కు పెట్టమన్నాను. కింద బ్రాంచి మేనేజరు సంతకం నాదే.